పత్రికావిద్యయు పరదేశ షాణ్మాసికమును

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియైదేండ్లు నల్లబల్లముందు నిలిచి పాఠము చెప్పినవానిని విద్యనుగూర్చి మాటలాడుమనుట గానుగెద్దును చుట్టు తిరుగుమనుటవంటిది. తిరుగుట కష్టముకాదు, ఆగుటయే కష్టము. కావున నేడు విద్యాసముద్రము నీదబోము. అందలి యొక చిన్న పాయను మాత్రము మీకు చూపెదము. పత్రికారచన నభ్యసించు విద్యార్థి తన చదువులో నొక అర్ధసంవత్సరమును విదేశ విశ్వవిద్యాలయమున గడుపుటకు దరఖాస్తు పెట్టుకొనుట యెట్లు? ఆ పనిలో పెద్దలమైన మనము చేయదగిన దేమి, చేయరాని దేమి? ఇదియే నేటి ప్రసంగవిషయము.

"ఇంత చిన్న సంగతికి మహాసభ కావలెనా?" యని కొంద రనుకొనవచ్చును. మన గుంటూరుసీమలో విదేశవిద్య యనగా వైద్యమో, కంప్యూటరో చదివి యక్కడనే స్థిరపడుట యని యర్థము. పత్రికావిద్య యనగా "చదువుటకు మరేమియు దొరకలేదా?" యని యడుగుట యాచారము. ఇక ఆరునెలలకు పోయి తిరిగివచ్చుట యన్నచో మరియు వింత. "పోయినవాడు తిరిగి రానేల? తిరిగి వచ్చువాడు పోనేల?" అని మా పొరుగున నొక పెద్దమనిషి ప్రశ్నించెను. ఆయనకు సమాధానము చెప్పుటయు మా యుద్దేశములలో నొకటి.

మొదట మాటను విచారింతము. సెమిస్టరు లాటిను పదమునుండి వచ్చినది. ఆ భాషలో ఆరునకును నెలకును గల పదములు మన సంస్కృతమునందలి షట్, మాస శబ్దములకు తోబుట్టువులు. కావున సెమిస్టరనగా షాణ్మాసికమే. పేరు వినగానే బెదరవలసిన పనిలేదు. ఒక విద్యాలయమున చదువుచునే, అందలి పేరు తీసివేయింపక, ఒక షాణ్మాసికమును మరియొక దేశపు విద్యాలయమున చదివి, అక్కడ వచ్చిన మార్కులను తెచ్చి తన పట్టములో కలుపుకొనుట యీ పద్ధతి. దీనిని నడపినవారిలో మొదటివారుగా అమెరికాలోని డెలావేరు విశ్వవిద్యాలయమువారిని చెప్పుదురు. 1923లో రేమండ్ కిర్క్‌బ్రైడ్ అను ఆచార్యుడు ఎనమండుగురు విద్యార్థులను ఫ్రాన్సునకు తీసికొనిపోయెను. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడుగా నుండి వచ్చిన యా యాచార్యుడు, ఒక జాతివారు మరియొక జాతివారిని ఎరుగకుండుటయే కలహమునకు మూలమని తలచెను. 1987లో ఐరోపాదేశములవారు ఎరాస్మస్ అను పేర నిట్టి యేర్పాటు చేసికొనిరి. తొలియేట పోయినవారు 3,244 మంది మాత్రమే. 2015 మొదలు ఆ యేర్పాటు మనవంటి దేశముల విద్యార్థులకును కొంత తెరవబడినది.

ఇక పత్రికావిద్య. మన పెద్దలలో పత్రికలు నడపినవారికి పాఠశాల యెక్కడిది? గుంటూరువారైన కొండా వెంకటప్పయ్యగారు దాసు నారాయణరావుగారితో గూడి 1902లో బందరున కృష్ణాపత్రికను స్థాపించిరి. చీరాలలో పుట్టిన కోటంరాజు రామారావుగారు 1938లో లక్నోలో వెలసిన నేషనల్ హెరాల్డునకు తొలి సంపాదకులైరి. వారందరు కార్యాలయములందే విద్య నేర్చినవారు. ప్రపంచమునందైనను పత్రికావిద్యకు పాఠశాల లేర్పడుట నిన్నటిమాట. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయమున 1908లోను, కొలంబియా విశ్వవిద్యాలయమున 1912లోను అవి మొదలయ్యెను. మన తెలుగునాట ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికావిద్యాశాఖ 1954లో నేర్పడెను. నేడో, మన పిల్లలకు నాగార్జున విశ్వవిద్యాలయమువరకు పోయినను ఆ విద్య లభించును. ఇంట దొరకుదానికి పరదేశమునకు పోనేల యను ప్రశ్న సహజమే.

దానికి మన జిల్లాలోనే యుత్తర మున్నది. వేములూరుపాడున పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఐర్లండునకు పోయి డబ్లినునగరమున న్యాయశాస్త్రము చదివి 1916లో బారిష్టరైరి. వచ్చి వ్రాసినది డబ్లిను వైభవమును గాదు, మాలపల్లిని. నిడుబ్రోలువారైన ఆచార్య రంగాగారు ఆక్సుఫర్డులో చదివిరి. గ్రంథము వ్రాసినది మన పల్లెల యార్థికవ్యవస్థనుగూర్చి. పత్రికావిద్యలోనే చూడదలచిన, వై. వి. లక్ష్మణరావుగారి గ్రంథమున్నది. దానిని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు 1966లో ప్రకటించిరి. అది వార్తలు ఊరిలోనికి వచ్చు త్రోవలను, వచ్చినపిమ్మట ఊరు మారు తీరును పరిశీలించిన గ్రంథము. అందలి రెండూళ్లు ఆంధ్రదేశపుటూళ్లు. వానికి వారు పెట్టిన మారుపేర్లు కొత్తూరు, పాతూరు. సోదరులారా, ఈ మువ్వురును దూరము పోయి దగ్గరిదానిని చూచినవారు. పాలకంకి కంటికి మరీ యానించి చూచిన కనబడదు. చేయి చాపి చూడవలెను. పరదేశ షాణ్మాసికము ఆ చేయి చాపుటయే.

అయితే పోవుటకు ముందే చూపు కొంత యుండవలెను. ఈ సంగతిని మేము గ్రంథములవలన గాక, మా తప్పువలన నేర్చుకొంటిమి. దాని నీ సభలో చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది. అయినను చెప్పెదము.

కొన్నియేండ్లక్రిందట మా పూర్వవిద్యార్థి యొకడు, మిరపపంట పండించు సామాన్యపు రైతు, కూతురును వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ పిల్ల చెన్నపట్నములోని యొక కళాశాలలో పత్రికావిద్య రెండవయేడు చదువుచుండెను. ఐరోపాలోని యొక విశ్వవిద్యాలయముతో ఆ కళాశాలకు ఒడంబడిక కలదు. ఏటేట నిద్దరిని ఎన్నుకొని యొక షాణ్మాసికమునకు పంపుదురు. దానికి దరఖాస్తుతోపాటు తన యుద్దేశమును దెలుపు లేఖయు, తాను వ్రాసిన వ్యాసమొకటియు జతపరచవలెను. "మాస్టారూ, పిల్లకు రెండు మంచిమాటలు వ్రాసిపెట్టుడు. మీరు వ్రాసిన కాదనువా రెవరు?" అని తండ్రి యనెను. పిల్ల యేమియు ననలేదు. తాను వ్రాసిన వ్యాసమును మాత్రము మా చేతికిచ్చెను.

ఆ వ్యాస మేమనగా, 2021-22 పంటకాలమున మన గుంటూరు ప్రకాశము జిల్లాలలో మిరపతోటలను నల్లతామరపురుగు నాశనము చేసిన సంగతి మీ రెరుగుదురు. ఆ పురుగు మనది కాదు. ఆగ్నేయాసియానుండి వచ్చి, మన దేశమున 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిచెట్లపై మొదట కనబడినది. అది పూవులో దూరి రసము పీల్చును, పూత రాలును, కాయ నిలువదు. ఎన్ని మందులు కొట్టినను లొంగలేదు. ఆ పిల్ల తన యూరి తోటలన్నియు తిరిగి, నష్టపడినవారిలో కౌలురైతులెందరో, వారిలో సాగుహక్కు పత్రము చేతనున్నవా రెందరో విచారించెను. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలుదారునకు పదునొకండు నెలలకు పత్రమియ్యవచ్చును. దానివలన భూయజమాని హక్కునకు భంగములేదని చట్టమే చెప్పినది. కాని పత్రమునకు యజమాని సమ్మతి కావలసియుండెను. ఆ యూర సంతకము పెట్టిన యజమానులు మిక్కిలి కొద్ది. పత్రములేనివానికి బ్యాంకు అప్పు లేదు, పంట పోయిన పరిహారము లేదు. ఎకరమునకు ముందుగా కౌలు చెల్లించి, మందునకు దుకాణమున అరువు పెట్టి, కల్లమున నారబోయుటకు కాయలేని వాని కథను ఆ పిల్ల యుత్ప్రేక్షలు లేకుండ, పేర్లు మార్చి, లెక్కలతో వ్రాసెను.

మేము చదివితిమి; చదివి ముడిచి ప్రక్కన బెట్టితిమి. "అమ్మాయీ, ఇంటిగుట్టు పరదేశమున చెప్పుకొందుమా? చూచువా రేమనుకొందురు? మన దేశపు గొప్పదనము తెలియునట్లు వ్రాయవలెను" అంటిమి. అని, మేమే కూర్చుండి యొక లేఖ వ్రాసితిమి. అందు అమరావతీస్తూపమును, నాగార్జునాచార్యులను, తిక్కనసోమయాజిని, కృష్ణవేణీ తరంగములను వరుసగా నిలిపితిమి. ఆంగ్లమునకు మా మిత్రు డొకడు మార్చెను. కౌలువ్యాసమునకు బదులు మన సంఘసభను వర్ణించు నొక వ్యాసము జతపరచబడెను. అప్పటికి మాకు తోచని సంగతి యొకటి కలదు, లేదా తోచియు మేము కనులు మూసికొంటిమి. మాకును రెండెకరముల భూమి కలదు. దానిని కౌలున కిచ్చితిమి. ఆ కౌలుదారునకు మేమును సంతకము పెట్టలేదు.

ఆ యేడు పిల్లను ఎన్నుకొనలేదు. కళాశాలలోని యాచార్యు లొకరు దయతో కారణము చెప్పిరట: "లేఖ గొప్పగా నున్నది, కాని యందు నీవు లేవు." ఈ మాట విన్ననాడు మాకు కోపము వచ్చెను. రాత్రి నిదురపట్టక మరల తలంపగా, కోపము పోయి సిగ్గు మిగిలెను. ముప్పదియైదేండ్లు పిల్లల వ్యాసములలో "ఇది నీ మాట కాదు" అని యెర్రసిరాతో గీత గీచిన చేయి, ఆ పిల్లచేత మా మాట పలికించెను.

మరుసటియేడు ఆమె తన లేఖను తానే వ్రాసికొనెను, కౌలువ్యాసమునే జతచేసెను. కంప్యూటరు తెరపై అక్కడి యుపాధ్యాయులు ముఖాముఖి మాటలాడుచు నొక ప్రశ్న వేసిరట: "కౌలుదారుల మాట వింటివి, అధికారుల మాట వింటివి. సంతకము పెట్టని యజమానుల నడిగితివా?" అడుగలేదని యామె నిజము చెప్పెను. వారు పదిదినములు గడువిచ్చిరి. అప్పుడామె నోటుపుస్తకముతో మా యింటికి వచ్చి, అరుగుపై కూర్చుండి, "తాతగారూ, మీరు సంతక మెందుకు పెట్టలేదు?" అని యడిగెను. మాకు నోట మాట రాలేదు. పిదప చెప్పితిమి: 1956 నాటి కౌలుదారీచట్టమునుండి పెద్దలలో నాటుకొన్న భయమని, కాగితమొకటి వ్రాసిన భూమి పోవునని తండ్రులు చెప్పగా విన్నామని, చట్టమును మేము చదువలేదని. ఆమె మమ్ము తప్పుపట్టలేదు, ఓదార్చనులేదు. చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, ఒకమారు చదివి వినిపించి, నమస్కరించి పోయెను. ఆ దరఖాస్తు నెగ్గెను. మేమును ఆ యేడు పత్రమున సంతకము పెట్టితిమి. మా భూమి యెక్కడికిని పోలేదు.

సోదరులారా, ఇది మా కథ. ఇక మీకు పనికివచ్చు విషయములను క్రమముగా చెప్పెదము.

మొదటిది కాలము. ఆగస్టు సెప్టెంబరులలో మొదలగు చదువునకు, సాధారణముగా జనవరి ఫిబ్రవరులలో స్వంత కళాశాలవారు పేరు ప్రతిపాదింతురు. మార్చి ఏప్రిలులలో ఆవలివారికి దరఖాస్తు పోవును. ప్రవేశపత్రము వచ్చినపిదప వీసాపని. కావున ముందటియేటి దసరానాటికే పని యారంభింపవలెను. మిరపనారు పోయకుండ సంక్రాంతికి కాయ కోయ గోరినట్లు, మనవారు జూనులో మేల్కొందురు.

రెండవది పేరు. ఇది చిన్నదిగా తోచును గాని మన తెలుగువారికి పెద్ద చిక్కు. పదవతరగతి పత్రమున ఇంటిపేరునకు ఒక యక్షరమే యుండును. పాస్‌పోర్టున పూర్తిగా నుండును. కళాశాల మార్కుల పట్టికలో ముందుండవలసినది వెనుకకు పోవును. పరదేశపు కార్యాలయమునకు ఈ ముగ్గురును ఒక్కరే యని తెలియుట యెట్లు? కావున పాస్‌పోర్టు తీయించునాడే పేరంతయు పదవతరగతి పత్రముతో సరిచూచుకొనవలెను. పాస్‌పోర్టు గడువు, తిరిగివచ్చు దినమునకు పైన కనీస మారునెలలుండుట మేలు.

మూడవది కాగితములు. మార్కుల పట్టిక, ఇద్దరుపాధ్యాయుల యోగ్యతాలేఖలు, ఉద్దేశలేఖ, ఇంగ్లీషు పరీక్షాఫలము, వ్రాసిన వ్యాసములు కావలెను. ఐయెల్ట్స్, టోఫెల్ అను పరీక్షల ఫలితములు రెండేండ్లు మాత్రమే చెల్లును. కావున మరీ ముందు వ్రాసినను చిక్కే. యోగ్యతాలేఖను మనవారు సిఫారసని తలతురు. శాసనసభ్యుని యుత్తరము, మన సంఘాధ్యక్షుని యుత్తరము అక్కడ చెల్లవు. పిల్లవాని వ్రాతను దిద్దిన యుపాధ్యాయుని నాలుగు నిజమైన మాటలే చెల్లును. వ్యాసములు తెలుగున వ్రాసినవైన సిగ్గుపడ నక్కరలేదు. మూలముతోపాటు నమ్మకమైన యనువాదము పంపవచ్చునేమో అడిగి తెలిసికొనవలెను. తెలుగుపత్రికకు వ్రాసిన పిల్లవాడు ఆంగ్లము మాత్ర మెరిగినవానికంటె ఒక భాష యెక్కువ యెరిగినవాడు.

నాలుగవది చదువు లెక్క. ఐరోపాలో నొక షాణ్మాసికమునకు సాధారణముగా ముప్పది క్రెడిట్లు. అక్కడ ఏ పాఠములు చదివిన ఇక్కడ ఏ పాఠములకు బదులుగా నంగీకరింతురో, పోకముందే వ్రాతమూలకముగ స్వంత కళాశాలవారిచే ఒప్పించుకొనవలెను. నోటిమాట నమ్మి పోయి, వచ్చినపిమ్మట ఆరునెలలు మరల చదివినవారు కలరు.

ఐదవది సొమ్ము. ఇందు రెండు విధములు. కళాశాలల నడుమ మార్పిడి యొడంబడిక యున్నచో, జీత మిక్కడ చెల్లించిన చాలును, అక్కడ జీతముండదు. భోజనము, వసతి, ప్రయాణము, ఆరోగ్యభీమా, వీసా మాత్రము మనవి. ఒడంబడిక లేక తనంతట పోవువాడు అక్కడి జీతమంతయు తానే చెల్లింపవలెను. అది చాల హెచ్చు. కావున మొదట నడుగవలసిన ప్రశ్న "ఒడంబడిక కలదా?" యనునదే. వీసాకొరకు బ్యాంకున సొమ్ము చూపవలెను. పదిదినములకు వడ్డీకి తెచ్చి చూపి, మరల తీసి యిచ్చివేయు పద్ధతి మనలో నున్నదని మీ రెరుగుదురు. నిజము వ్రాయుట నేర్వబోవు పిల్ల మొదటి యడుగు అబద్ధముపై వేయింపకుడు.

ఆరవది వీసా. ఐరోపాలో తొంబది దినములకు మించి యుండుటకు ఏ దేశమునకు పోవుదురో ఆ దేశపు దీర్ఘకాల వీసా కావలెను. అమెరికాకు మార్పిడి విద్యార్థిగా పోవువానికి ఆ విశ్వవిద్యాలయము డీఎస్-2019 అను పత్రము పంపును. దానితో జె-1 వీసాకు పోవలెను. హైదరాబాదున అమెరికా కాన్సులేటు 2008లో తెరువబడినదిగాన, మన ప్రాంతమువారికి చెన్నపట్నపు ప్రయాణము తప్పినది. 2025 జూనులో ఆ ప్రభుత్వము విద్యార్థి వీసాల కోరువారు తమ సాంఘిక మాధ్యమపు ఖాతాలను అందరికి కనబడునట్లుంచవలెనని చెప్పెను. కావున వ్రాయువిద్య నేర్చువాడు, తాను వ్రాసినదంతయు చదువబడునని యెరిగి వ్రాయవలెను. మరియు నొక జాగ్రత్త: విద్యార్థిగా పోయి యక్కడి పత్రికలకు డబ్బు తీసికొని పనిచేయుట యనుమతి లేనిదే తగదు. ఏది పాఠము, ఏది కూలి యని ముందే విచారించుకొనవలెను.

ఇన్ని కాగితములు దాటి పోయి యా పిల్ల యేమి నేర్చినది? అక్కడి తరగతిలో వారమున కొక వార్త ఆ యూరినుండియే తేవలెనట. భాష రాదు, ఊరు తెలియదు. ఒకనాడొక దుకాణమున మన దేశపు మిరపపొడి పొట్లము కనబడెను. దానిని పట్టుకొని విచారింపగా, భారతదేశపు మిరపను ఐరోపా సమాఖ్య సరిహద్దులయందు బూజువలన పుట్టు అఫ్లాటాక్సిన్ విషముకొరకును, పురుగుమందుల శేషముకొరకును పరీక్షింతురని తెలిసెను. తడి యారని కాయ మూటగట్టిన బూజు పట్టును. తామరపురుగు భయమున మందుపై మందు కొట్టిన శేషము నిలుచును. గుంటూరు యార్డునకు వచ్చు టిక్కీలో నున్నదే అక్కడి పరీక్షాశాలలో తేలును. పంట పోయిన పరిహారములేని కౌలురైతు మందు మరింత కొట్టక యేమిచేయును? తాను మునుపు చూచినది తాటి కొకకొస, ఇది రెండవకొస. రెండు కొసలను ముడివేసి యామె వ్రాసిన వ్యాసమును మేము చదివితిమి. ఇంట నుండిన మొదటికొసయే తెలియును. ఇల్లెరుగక పోయిన రెండవది పొట్లముగానే కనబడును. మా పొరుగు పెద్దమనిషికి మా యుత్తర మిదియే: తిరిగి వచ్చువాడే పోవలెను.

ఆడపిల్లను ఒంటరిగా పంపుటెట్లని తలిదండ్రులు బెంగపడుదురు. ఆ బెంగను మేము తేలికచేయము. వసతి విద్యాలయమువారిదేనా, వచ్చిన దినమున ఎదుర్కొనువా రెవరు, జబ్బుచేసిన ఎవరిని పిలువవలెను అని వ్రాసి యడుగుట తలిదండ్రుల ధర్మము. సరియైన విద్యాలయములు వ్రాసియే యుత్తరమిచ్చును. కాని బెంగపేరిట దరఖాస్తునే యాపుట ధర్మము గాదు.

ఇక మన సంఘమునకు మూడు మనవులు. మన విద్యానిధి యిప్పుడు పట్టపు చదువులకే ఋణములిచ్చుచున్నది. షాణ్మాసికమునకు పోవువారికిని వడ్డీలేని ఋణ మిచ్చునట్లు నియమము సవరింపుడు. ఇది మొదటిది. దసరానుండి సంక్రాంతివరకు వారమున కొకదినము, పేర్లు సరిచూచుటకు, కాగితములు కూర్చుటకు, పోయివచ్చినవారు పోవువారికి చెప్పుటకు మన వసతిగృహమున నొక గది యిండు. ఇది రెండవది. లేఖను మాత్రము ఎవరును వ్రాసిపెట్టకుడు. మేము మొదటివారమై ఒట్టు పెట్టుకొంటిమి.

మూడవది కొంత కటువుగా నుండును, క్షమింపుడు. సొమ్మిచ్చినవారు కలము కొన్నామని తలపకుడు. మన నిధితో చదివిన పిల్ల రేపు మన తోటలనుగూర్చి, మన దుకాణములనుగూర్చి, మన సభలనుగూర్చి వ్రాయవచ్చును. అందు మనకు నచ్చనిది యుండవచ్చును. అప్పుడు "మన యుప్పు తిని" అను మాట మన నోట రాకూడదు. ఆమె ఋణము రూపాయలతో తీరును. నిజముతో తీర్చుకొనుమని మన మడుగరాదు. కులము పేర కూడిన సభలో ఈ మాట చెప్పుట ధైర్యముకొరకు గాదు. ఆ యరుగుమీద నోటుపుస్తకము ముందు కూర్చుండినది మేము గనుక చెప్పుచున్నాము. ఆ ప్రశ్న మమ్ము చిన్నబుచ్చలేదు. మేము చదువని చట్టమును చదివించినది.

 మన పిల్లలు పోయి, చూచి, వచ్చి, నిజము వ్రాయుదురు గాక! దానిని చదువు ధైర్యము మనకు గలుగు గాక!

స్వస్తి.